పద్నాలుగో పొద

చీకటి గదిలో అతినీలలోహిత దీపం మీద జెల్ పలకను పరిచి, ఆమె అట్టముక్కను అందుకుంది. అట్టముక్కకు మధ్యలో వేలెడు పొడవున సన్నని చీలిక ఉంది. దాన్ని ఒక్కో గాడి మీద ఆనించి, చీలికలోంచి కనిపించిన గీతలను మాత్రమే లెక్కపెట్టడం ఆమె పద్ధతి. గీత ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. పక్క గాడి కనిపిస్తే కన్ను కాపీ కొడుతుందని ఆమె నమ్మకం. పరీక్ష హాల్లో దొంగచూపుల వాళ్ళను ఎడంగా కూర్చోబెట్టినట్టు, తన రెండు కళ్ళనూ తానే ఎడంగా కూర్చోబెట్టుకునేది.

మొత్తం ముప్పై వెదుళ్ళు, జెల్‌లో ఒక్కోదానికి ఒక్కో గాడి. ఒక్కోదాని లేత ఆకును నూరి, కడిగి, డీఎన్ఏ తీసి, అందులో కొన్ని చోట్లను మాత్రం లక్షల రెట్లు పెంచి, కరెంటు పెట్టి జెల్‌లో పరిగెత్తిస్తే, ముక్కలు తమ తమ పొడవును బట్టి ఒక్కోచోట ఆగి నారింజ రంగు గీతలుగా మెరుస్తాయి. ఆ గీతలే మార్కర్లు. మిగతా మొక్కలకైతే ఇంత తంటా అక్కర్లేదు, పువ్వు చూసి జాతి చెప్పేయొచ్చు. వెదురు పూయాలంటే ముప్పై ఏళ్ళు పట్టొచ్చు, అరవై ఏళ్ళూ పట్టొచ్చు. పూసిందా, ఇక చచ్చిపోతుంది.

ఇది పదకొండో విడత. ఆమె పద్నాలుగో గాడి రాసింది, పదిహేనో గాడి రాసింది, ముప్పై దాకా రాసి దీపం ఆర్పింది. పక్క గదిలోకి వచ్చి కిటికీ దగ్గర కాగితాలన్నీ పరిచి, పద్నాలుగు, పదిహేను వరుసలను ఒకదాని కింద ఒకటి పెట్టి చూసింది. పదకొండు విడతల్లో నూట ఆరు గీతలు. నూట ఆరింటిలో ఒక్కటంటే ఒక్కటి తేడా లేదు. అన్నదమ్ములైనా నాలుగైదు చోట్ల విడిపోతారు. ఇవి అన్నదమ్ములు కూడా కావు. ఒకటే మనిషి రెండు అద్దాల్లో కనిపించినట్టున్నాయి.

పదిహేను మామూలు వెదురు. రోడ్ల పక్కన పెరిగేదే, నిచ్చెనలకూ పందిళ్ళకూ నరుక్కుపోయేదే. పద్నాలుగు ప్రొఫెసర్ గారి వెదురు. ముప్పై ఏళ్ళ కిందట ఒక వాగు ఒడ్డున ఆయన చూసి, లోకంలో ఎవరూ చూడని జాతి అని ప్రకటించి, తన తల్లి పేరుకు లాటిన్ తోక తగిలించి పెట్టిన పేరు దానిది. ఆయన పుస్తకం అట్ట మీద ఉన్నది దాని బొమ్మే.

ఆమెకు ముందు కలిగింది భయం కాదు. లోపల ఏ మూలో చాలాకాలంగా ముడుచుకుని కూర్చున్న చిన్న సంతోషం ఒకటి లేచి నిలబడింది. దాన్ని ఆమె గుర్తుపట్టింది, గుర్తుపట్టి సిగ్గుపడింది, అయినా కూర్చోమనలేదు. ఆ గదిలోంచి వెళ్ళిన వ్యాసాలన్నిటి చివరా కృతజ్ఞతల్లో "ప్రయోగశాల సిబ్బంది" అన్న రెండు మాటల్లో ఆమె ఉండేది. నలభై ఒక్క ఏళ్ళొచ్చినా అందరికీ "ల్యాబ్ అమ్మాయి"గానే ఉండేది.

ప్రొఫెసర్ గారు జెల్ ఫొటోను భూతద్దంతో చాలాసేపు చూశారు. ఆయన గదిలో గోడ నిండా వెదురు కణుపుల మీది పొరలు, ఎండినవి, ఒక్కోదాని కింద ఒక్కో చీటీ. ఆయనకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే ఆమెకు సులువుగా ఉండేది. ఆకులు కలిసిపోయాయి అన్నారు, రైలు ఆలస్యమైందన్నంత మామూలుగా. కోసింది తనేనని, ఒక్కో పొద దగ్గర బోర్డు చదివి, ఆకు కోసి, సంచిలో వేసి, అక్కడే నంబరు రాశానని ఆమె చెప్పింది.

"బోర్డులు పాతేదెవరు?" అన్నారాయన.

తోటలో బోర్డులు పాతేదీ, పొదలకు నీళ్ళు పెట్టేదీ, ఎండిన గడలు నరికేదీ పిన్ని. ఆవిడ ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు. గేటు దగ్గర కాపలా మనిషికీ పిన్నే, అతని తండ్రికీ పిన్నే. తోట మొదలైన ఏడాది నుంచీ ఉందని చెప్పుకుంటారు.

ప్రొఫెసర్ గారు ఒక తెల్ల కాగితం ఆమె వైపు జరిపారు. తోట మనిషి నిర్లక్ష్యం వల్ల పద్నాలుగు, పదిహేను నంబర్ల బోర్డులు తప్పుగా పడి, రెండు నమూనాలూ ఒకే జాతివి వచ్చినట్టు తన పరిశీలనలో తేలిందని ఆమె రాసి ఇవ్వాలి. శుక్రవారం ఈ వెదుళ్ళ నివేదిక పైకి వెళ్ళాలి. గురువారం మధ్యాహ్నం మూడింటికి చిన్న విచారణ లాంటిది పెడతారు, అది పేరుకే. ఆ తర్వాత పిన్నిని తోటలోంచి తీసేస్తారు. ఇంతటితో అందరికీ మంచిదని ఆయన అన్నారు. ఆమె ఆ కాగితాన్ని ముట్టుకోకపోవడం చూసి, గొంతు తగ్గించి, చదువు చెప్పినట్టు చెప్పారు.

"నీ చెయ్యి తప్పిందని రాస్తే నీ పేరు పోతుంది. నాది తప్పని రాస్తే ముప్పై ఏళ్ళ పని పోతుంది. ఆవిడకి పోవడానికి పేరేముంది?"

ఆ మాటలో క్రూరత్వం లేదు. అదే ఆమెను పట్టుకుంది. ఆయన లెక్క చూస్తున్నారంతే, ఉన్నచోట ఒకటి, లేనిచోట సున్నా. తను రోజూ చేసే పనే అది. ఆమె లేచి నిలబడి, "మళ్ళీ కోస్తాను సార్. మళ్ళీ చేసి చూపిస్తాను," అంది. కాగితం బల్ల మీదే ఉండిపోయింది.

*

మంగళవారం పొద్దున ఏడింటికే ఆమె తోటలో ఉంది. పిన్ని అప్పటికే పైపు లాగుతోంది. విషయం ఆవిడకు నిన్ననే తెలిసిపోయింది. ఆఫీసు గుమాస్తా టీ తాగుతూ ఎవరితోనో అన్నాడట, ఆ ఎవరో ఇంకెవరితోనో అన్నారట, సాయంత్రానికి గేటు దాకా వచ్చింది. గేటు దాకా వస్తే తోటకెంత దూరం అంది పిన్ని. గొంతులో భయం ఉందా అని ఆమె వెతికింది, దొరకలేదు.

పద్నాలుగో పొద దగ్గర పిన్ని కొక్కెం కర్రతో కొమ్మ వంచి పట్టుకుంది. ఆమె లేత ఆకులు నాలుగు కత్తిరించి, స్పిరిట్‌లో ముంచిన దూదితో రెండు వైపులా తుడిచి, సంచిలో వేసి నంబరు రాసింది. బోర్డు మీద తెల్లరంగు అక్షరాలు కొత్తగానే ఉన్నాయి. ఏటా రంగు వేస్తానని పిన్ని చెప్పింది. చదవడం రాదు కదా, ఎలా వేస్తావని ఆమె అడిగింది.

"పాత అక్షరం మీద కొత్తది దిద్దడమేగా. ముగ్గు దిద్దినట్టే. అది ఏమంటోందో నాకెందుకు?"

పదిహేనో పొదకు వెళ్తూ ఆమె ఉత్సాహంగా చెప్పుకుపోయింది. ఈసారి ఇద్దరం చూస్తుండగానే కోస్తున్నాం, మళ్ళీ అదే ఫలితం వస్తుంది, వస్తే తప్పు నీదీ కాదు నాదీ కాదు, ఆ పేరు పెట్టినాయనది. వాగు ఒడ్డున ఎవరో నాటిన మామూలు వెదురే నేల మారి కాస్త వేరుగా కనిపించి ఉంటుంది, ఆయన కొత్త జాతి అనుకుని ఉంటారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే. పిన్ని వింటూ ముందు నడిచింది. మధ్యలో ఒకసారి ఆగి, "ఆయన వాళ్ళమ్మ పేరటగా అది," అంది. మళ్ళీ నడిచింది.

ఆ రోజంతా ఆమె ల్యాబ్‌లోనే ఉంది. కల్వంలో ద్రవ నైట్రోజన్ పోస్తే తెల్లటి పొగ బల్ల మీదుగా పాకి అంచు దాటి కింద పడింది. ఆకు గాజులా పెళుసైంది. అది మళ్ళీ మెత్తబడేలోపు నూరాలి. కొంచెం ఆలస్యమైతే ఆకులోని సారమే డీఎన్ఏని కొరికేస్తుంది. పచ్చటి పొడిని వేడి ద్రావణంలోకి దులిపి, అరవై ఐదు డిగ్రీల నీళ్ళలో పెట్టి, క్లోరోఫాం పోసి తిప్పి, పైన తేరిన పొరను మాత్రం పీల్చి, చల్లటి ఆల్కహాల్‌లో వదిలింది. పనిలో ఉన్నంతసేపూ ఆమె తనకు నచ్చింది. పని ఆగగానే ఒక ప్రశ్న వచ్చి పక్కన కూర్చునేది. నువ్వు ఎవరి తరఫున నూరుతున్నావు?

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అక్క మిషను మీద స్కూలు యూనిఫాంలు కుడుతోంది. ఆ ఇంటి పై గదిలో ఆమె, కింద అక్కా బావా. బావ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. వెదుళ్ళ చుట్టరికాలు ఎంతవరకు తేలాయని రోజూ అడిగేవాడు. ఆ రోజు మరదలి మొహం చూసి అడగలేదు, కాఫీ కలిపి తెచ్చాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. సంతకం పెట్టేయమని బావ అంటాడనుకుంది. అతను ఖాళీ కప్పు అందుకుని వంటింట్లోకి వెళ్ళడం ఆమెకు చిరాకు తెప్పించింది.

అక్క కాజాలు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా అడిగింది. "ఆవిడ మీద జాలా, ఆయన మీద కసా?"

"రెండూను."

"రెండు దారాలు ఒక సూదిలో ఎక్కవే. ఏదో ఒకటి తెంపు."

ఆమె పైకి వెళ్ళి పడుకుంది. జాలీ కసీ కాని మూడోది ఏదో ఉందని తెలుసు. అది తన జెల్. పదిహేడేళ్ళుగా తను దిద్దుకున్న చెయ్యి తప్పలేదని ఎవరైనా ఒప్పుకోవాలి. పిన్ని అందుకొక సందు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకు కోపం రావాలి. రాలేదు, నిద్ర వచ్చింది.

*

బుధవారం పదకొండున్నరకు ఫలితం కళ్ళముందుంది. రెండూ ఒకటే. గీతకు గీత, ఖాళీకి ఖాళీ. ఫొటో తడి ఆరకుండానే పట్టుకుని ఆమె తోటలోకి దాదాపు పరిగెత్తింది. పిన్ని నీడలో కూర్చుని ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపుతోంది. ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని ఫొటో చూపించి, ఇక నిన్నెవరూ ఏమీ చెయ్యలేరంది.

పిన్ని ఫొటో వైపు చూడలేదు. చేతిలో సంచిని నేలకు రెండుసార్లు తట్టి, మట్టి సర్ది, పక్కన పెట్టింది.

"నేనే పెట్టానమ్మాయ్."

ఆమెకు అర్థం కాలేదు. ఏం పెట్టావని అడిగింది.

"ఆ పొద. అక్కడున్నది ఆయనది కాదు. పక్కదాని దుంప తెచ్చి నేనే పాతాను. తొమ్మిదేళ్ళయింది."

తర్వాతది పిన్ని మట్టి నింపుతూనే చెప్పింది. ఆ ఏడు ప్రొఫెసర్ గారి వెదురు పూసింది. ఒక కొమ్మా రెండు కొమ్మలూ కాదు, నిలువునా పూసింది, ఆకన్నది కనపడలేదు. తర్వాత గడకు గడ ఎండిపోయింది. ఆయనకు చెబుదామని పోర్టికోలో నిలబడితే, ఆయన కారెక్కుతున్నారు. ఊరు వెళ్తున్నారు, వచ్చే వారం విదేశాల నుంచి ఎవరో పెద్దవాళ్ళు తోట చూడ్డానికి వస్తున్నారు. అయ్యా, అమ్మగారి పొద పోయిందని ఈవిడ చెప్పింది. ఆయన తలుపు మీద చెయ్యి పెట్టి, ఒక్క క్షణం ఆగారు.

"'బోర్డు ఖాళీగా ఉండకూడదు, చూడు' అన్నారు. తలుపేసుకున్నారు. నేను చూశాను."

ఆమె లోపల ఏదో కూలింది. రెండు రోజులుగా తను నిలబడ్డ నేలే అది. ఆయన అన్నది నిజమన్నమాట. బోర్డులు పాతేదెవరు అని ఆయన అడిగిన ప్రశ్న సరైన ప్రశ్నే. ఆ కోపమంతా పిన్ని మీదికి తిరిగింది. నిన్న కొమ్మ వంచి పట్టుకున్నప్పుడే చెప్పొచ్చుగా, నీకోసం నేను ఆయనకు ఎదురు నిలబడి, సంతకం పెట్టనని, రెండు రోజులుగా తిండీతిప్పలూ లేకుండా ఇదంతా చేస్తుంటే చూస్తూ కూర్చున్నావా అని ఆమె అడిగింది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

"నాకోసమని నువ్వన్నావు. నేనడిగానా?" అంది పిన్ని. కోపంగా అనలేదు. "అడిగినవాళ్ళకి చెప్పొచ్చు. తొమ్మిదేళ్ళలో అడిగినవాళ్ళు లేరు. పెద్దపెద్దవాళ్ళొచ్చి ఫొటోలు దిగారు. పిల్లలకి పాఠాలు చెప్పారు. నువ్వూ అంతేగా? ఇదేంటి పిన్నీ అని అడిగావా? బోర్డు చదివావు, కోశావు."

కన్ను కాపీ కొట్టకుండా అట్టముక్క పెట్టుకునే తను, తోటలో మాత్రం ముప్పై బోర్డుల నుంచి ముప్పై పేర్లు కాపీ కొట్టుకొచ్చింది. చెయ్యి తప్పలేదు. తప్పు చెయ్యి దాకా రాకముందే జరిగిపోయింది.

ఆమె అడిగింది, ఈసారి నిజంగానే అడిగింది. "మరి అసలుది పూర్తిగా పోయినట్టేనా?"

పిన్ని చేతులు దులుపుకుని లేచింది. "పూసినదాని గింజ ఎవరన్నా పారేసుకుంటారా?"

ఎరువు గోతులు దాటి, విరిగిన తొట్లు పడేసే చోటు దాటి, మురుగు కాలవ వెంట ఎవరూ రాని వెనక వైపు. అక్కడ ముళ్ళ వెదురు అడవిలా అల్లుకుపోయి ఉంది. పిన్ని పక్కకు ఒరిగి, చీరకొంగు దోపుకుని, ఒక సందులోంచి లోపలికి దూరింది. ఆమె వెనకే వెళ్ళింది. దోసెడు గింజలు చల్లితే పదకొండు మొలిచాయట, మూడు మిగిలాయట. మూడు పొదలు, ముంజేయంత లావు గడలతో, ముళ్ళ వెదుళ్ళ మధ్య దాక్కున్నట్టు ఉన్నాయి. ఆ అల్లికలో చూడ్డానికి ఏ తేడా తెలియదు. కొత్త పిలకలు వచ్చే కాలమైతే వాటి మీది పొరను చూసి ప్రొఫెసర్ గారు చెప్పగలిగేవారు. ఇప్పుడు పొరలన్నీ రాలిపోయి కుళ్ళిపోయాయి. ఇది ఇదీ అని చెప్పగలిగిన మనిషి లోకం మొత్తం మీద ఒక్కతే ఉంది, ఆవిడ తన మడమలో దిగిన ముల్లు పీక్కుంటోంది.

ఆమె ఆకులు కోసింది. సంచి మీద ముప్పై ఒకటి అని రాసింది.

ఆ మధ్యాహ్నం పిన్ని మొదటిసారి ల్యాబ్‌లోకి వచ్చింది. చెప్పులు బయట విడిచి, తలుపు దగ్గరే నిలబడింది. ఆల్కహాల్ గొట్టంలో తెల్లటి పోగు ఒకటి మబ్బులా చుట్టుకుంటూ పైకి తేలడం ఆమె చూపించింది. ఇదే దాని డీఎన్ఏ అంది. పిన్ని దగ్గరకొచ్చి, కళ్ళు చికిలించి చూసింది.

"ఇంతేనా? ఈ నూలుపోగులోనా నా నౌకరీ ఉంది?"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక పిన్ని ఒక మాట తీసుకుంది. రేపు ఈ సంగతి నేనే చెబుతాను, నువ్వు ముందే వెళ్ళి ఆయన చెవిలో వెయ్యకు. ఆమె సరేనంది.

ఆ సరే ఎంత బరువో గురువారం పొద్దున తెలిసింది. ముప్పై ఒకటో గాడి కింద, మరే వెదురుకూ లేని గీతలు తొమ్మిది మెరుస్తున్నాయి. అది మామూలు వెదురు కాదు, తోటలో ఉన్న దేనికీ దగ్గర చుట్టం కాదు. ఆయన కనిపెట్టింది నిజమే. ప్రొఫెసర్ గారి గది పది అడుగుల దూరంలో ఉంది. ఇప్పుడే వెళ్ళి ఈ ఫొటో బల్ల మీద పెడితే, నివేదికలో తన పేరు ఉంటుంది, కృతజ్ఞతల్లో కాదు, పైన. ఆ గదిలో జరగబోయేది ఆమెకు స్పష్టంగా కనిపించింది. ఆయన లేచి కరచాలనం చేస్తారు. పద్నాలుగో బోర్డు తీయించి మురుగు కాలవ పక్కన పాతిస్తారు. పాతేది మాత్రం పిన్ని కాదు. ఆమె ఫొటోను కవరులో పెట్టి, కవరును సొరుగులో పెట్టి, సొరుగుకు తాళం వేసి, మూడు అయ్యేదాకా గాజు గొట్టాలు కడిగింది.

*

విచారణకు నాలుగు కుర్చీలు వేశారు. ప్రొఫెసర్ గారు, రాసుకోవడానికి గుమాస్తా, ఆమె. నాలుగో కుర్చీలో కూర్చోమంటే పిన్ని కూర్చుంది. నిలబడుతుందని ఆయన అనుకున్నట్టున్నారు, కాస్త సర్దుకున్నారు.

రెండోసారి చేసిన పరీక్షలో ఏం వచ్చిందని ఆయన ఆమెను అడిగారు. అదే వచ్చిందని ఆమె చెప్పింది. ఆయన తలూపి, గుమాస్తా వైపు తిరిగారు. అప్పుడు పిన్ని, తనను ఎవరూ అడగకముందే, మొదలుపెట్టింది. పద్నాలుగులో ఉన్నది పదిహేనో పొద దుంప. పాతింది నేను. తొమ్మిదేళ్ళయింది.

గదిలో ఒక బరువు దిగిపోయినట్టయింది. ప్రొఫెసర్ గారి భుజాలు వదులయ్యాయి. ఆయన ఆమె వైపు చూసిన చూపులో గెలుపు లేదు, నేను చెప్పలేదా అన్న దయ ఉంది. రాసుకో అన్నారు గుమాస్తాతో. గుమాస్తా రాసుకున్నాడు.

"ఆయన పొద గింజలు వేశాను. మూడు బతికాయి. ఇప్పుడూ ఉన్నాయి," అంది పిన్ని.

ప్రొఫెసర్ గారు కుర్చీ చేతుల మీద బలం వేసి లేచారు. ఆ మొహాన్ని ఆమె అంతకుముందెప్పుడూ చూడలేదు. పిల్లవాడు జనంలో తల్లి కొంగు కనపడగానే చూసే చూపు అది. ఎక్కడ అని ఆయన అడిగారు.

"చూపిస్తాను. ఎందుకు పాతానో ముందు అది కూడా రాయించండి."

పోర్టికో, కారు, తలుపు మీద చెయ్యి, ఆ మాట, అన్నీ వరసగా చెప్పింది. ప్రొఫెసర్ గారు మళ్ళీ కూర్చున్నారు. తనకు గుర్తులేదన్నారు. తొమ్మిదేళ్ళ కిందటి మాట ఎవరికి గుర్తుంటుందన్నారు. మీకు గుర్తుండక్కర్లేదు, చేసింది నేను కాబట్టి నాకు గుర్తుందని పిన్ని అంది. గుమాస్తా కలం ఎత్తి ఇద్దరి మధ్యా చూశాడు. కొంతసేపయ్యాక ఆయన, విసుగ్గా, ఏదో ఒకటి రాయమని చెయ్యి ఊపారు. గుమాస్తా రాశాడు.

"చదువమ్మాయ్," అంది పిన్ని.

ఆమె కాగితం తీసుకుని చదివింది. "బోర్డు ఖాళీగా ఉండకూడదని చెప్పబడింది."

"ఏం పడింది?"

"చెప్పబడింది. అంటే చెప్పారని."

"వాన పడింది, కొమ్మ విరిగి పడింది అంటే అర్థముంది. మాట దానంతటది పడుతుందా? ఎవరి నోట్లోంచి పడిందో రాయమను."

అది ఆఫీసు భాష అని, అలాగే రాస్తారని గుమాస్తా సర్దిచెప్పబోయాడు. పిన్ని వినలేదు. నేను పాతాను అన్నప్పుడు పాతబడింది అని రాశావా నాయనా అని అడిగింది. గుమాస్తా పైన రాసిన వాక్యం చూసుకున్నాడు. "నేనే పాతాను" అని ఉంది. అతని చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకునే ప్రొఫెసర్ గారితో మెల్లగా అన్నాడు, మీరు చెప్పారని రాస్తే ఆవిడ మీద ఈ ఫైలు నిలవదు సార్.

ప్రొఫెసర్ గారు పిన్నిని వదిలేసి, ఆమె వైపు తిరిగారు. "నీకు తెలుసా అవెక్కడున్నాయో?"

"తెలుసు సార్. గీతలు కూడా తీశాను. తొమ్మిది గీతలు ఇంకెక్కడా లేవు."

"ఎక్కడ?"

ఎన్నేళ్ళుగానో ఆయన అడిగిన ప్రతిదానికీ ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఇప్పుడూ ఉంది, నాలుక చివరే ఉంది. ఎరువు గోతుల వెనక, కాలవ పక్కన. ఆ ఐదు మాటలూ ఆమె నోట్లో కదిలాయి. ఆమె వాటిని కదలనిచ్చి, ఆగిపోయేదాకా ఆగింది.

"చెప్పను సార్."

తన గొంతు ఈసారి తనదిగానే వినిపించింది. తోటలో పొదలన్నిటి ఆకులూ కోయించి పరీక్ష చేయిస్తే తేలదా అని ఆయన అన్నారు. తేలుతుంది, చేయాల్సింది నేనే కదా సార్ అని ఆమె అంది. మరి తన దగ్గర దాచిన ఎండు కొమ్మ ఉంది, ముప్పై ఏళ్ళనాటిది, దాంతో పోల్చవచ్చని ఆయన అన్నారు. దానికి పురుగు పట్టకుండా పాదరసం మందు పూశారు, అందులోంచి ఏమీ రాదని ఆమె అంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. మందు పూసింది ఆయనే.

కిటికీ అవతల ఎవరో సైకిలు స్టాండు వేశారు. ప్రొఫెసర్ గారు గోడ మీది పొరలను చూస్తూ కూర్చున్నారు. ఆయనకు నిజంగానే గుర్తులేదేమోనని ఆమెకు ఒక్కసారి అనిపించింది. ఆ రోజు కారులో కూర్చుని తలుపు వేసుకున్నాక, తల్లి పేరున్న పొద పోయిందన్న మాట విని కూడా, టికెట్టు జేబులో ఉందో లేదో చూసుకుని ఉంటారు. కొన్ని మాటల్ని మనిషి మరచిపోడు, పక్కన పెడతాడు. తిరిగి చూస్తే అవి పెట్టినచోటే ఉంటాయి.

"కారు నల్లది," అన్నారాయన, ఎవరితోనూ కాకుండా.

"తెల్లది," అంది పిన్ని.

ఆయన కళ్ళు మూసుకుని తెరిచారు. "కొట్టెయ్. నేను చెప్పాను అని రాయి."

గుమాస్తా వెంటనే రాయలేదు. ఫైలు సంగతి మరోసారి గుర్తుచేశాడు. నిలవకపోతే నిలవకపోనీ అన్నారాయన. గుమాస్తా "చెప్పబడింది" మీద అడ్డంగా ఒక గీత గీసి, పైన సన్నగా రాశాడు. పిన్ని చదవమంది. ఆమె చదివింది. "బోర్డు ఖాళీగా ఉండకూడదని నేను చెప్పాను." పిన్ని ఇంకోసారి చదవమంది. ఆమె ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా చదివింది. ప్రొఫెసర్ గారు కాగితాన్ని లాక్కోలేదు, అందుకున్నారు, కింద సంతకం పెట్టారు.

"ఇప్పుడు ఎక్కడ?" అన్నారు. ఈసారి ఆ మాట పిన్నితోనే అన్నారు.

పిన్ని లేచి, కుర్చీని శబ్దం కాకుండా గోడకు జరిపింది. ఆయన తలుపు దాకా వెళ్ళి, అలవాటుగా ముందు నడవబోయి, గడప దగ్గర ఆగిపోయారు. ఏ వైపు తిరగాలో ఆయనకు తెలియదు. పక్కకు తప్పుకుని పిన్నికి దారి ఇచ్చారు.

"బూట్లు వేసుకోండి సార్. అటు ముళ్ళుంటాయి," అంది పిన్ని, వెనక్కి చూడకుండా.